కార్వాన్ బాట నుంచి పరదేశపు రహదారికి

పేరులోనే ప్రయాణం ఉన్న పేట కార్వాన్. ఫార్సీ భాషలో కార్వాన్ అంటే బిడారు. సరుకులతో, పశువులతో గుంపుగా సాగిపోయే వర్తకుల వరుస. గోల్కొండ కోట నుంచి మూసీ నది వైపు వచ్చే పాత బాటను ఆనుకొని ఈ పేట వెలసింది. కుతుబ్‌షాహీ సుల్తానుల కాలంలో దూరప్రాంతాల నుంచి సరుకు తెచ్చిన వర్తకులు ఇక్కడ దిగేవారు. సాహుకార్లు, వజ్రాల బేరగాళ్ళు ఇక్కడ కాపురముండేవారు. అందువల్ల దీనికి కార్వాన్ సాహూ అనే పేరు కూడా వచ్చింది. 1578లో ఇబ్రాహీం కుతుబ్‌షా మూసీపై కట్టించిన పురానాపుల్ ఈ బాటను ఆవలి ఒడ్డుకు కలిపింది. హైదరాబాదు నగరానికి పునాది పడింది 1591లో. అంటే నగరం కన్నా వంతెన వయసు ఎక్కువ.

ఈ బాట మీద నేటికీ చెక్కుచెదరక నిలిచిన కట్టడం టోలీ మసీదు. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మహల్‌దారుగా ఉన్న మూసా ఖాన్ 1671లో దీనిని కట్టించాడు. మక్కా మసీదు నిర్మాణాన్ని పర్యవేక్షించినందుకు రూపాయికి ఒక దమ్డీ చొప్పున ఆయనకు ముట్టిందనీ, ఆ సొమ్ముతోనే ఈ మసీదు లేచిందనీ స్థానికులు చెప్పుకుంటారు. అందుకే దీనిని దమ్డీ మసీదు అని కూడా అంటారు. దమ్డీ దమ్డీ కూడబెట్టిన ఆ కథ ఈ పేటకు నేటికీ సరిపోతుంది. చుట్టుపక్కల గల్లీలలో రియాళ్ళు, దిర్హములు కూడబెట్టి కట్టుకున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే తన యాత్రా గ్రంథంలో ఒక సంగతి రాశాడు. రాజధాని ద్వారం వద్దకు కొత్తవాడు రాగానే కావలివారు అతని దగ్గర ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని వెతికేవారట. ఆ రెండింటిపై సుంకం రాజుకు పెద్ద ఆదాయం. దరోగాకు కబురు వెళ్ళి, అనుమతి వచ్చేదాకా ఒక్కొక్కసారి ఒకటి రెండు రోజులు ద్వారం బయటే ఆగవలసి వచ్చేదట. దేశదేశాలు తిరిగిన వర్తకుడికి గోల్కొండ దారి తెలియక కాదు. దారి తెలిసినంత మాత్రాన ద్వారం దాటలేడు. ఆ నేలపై ఏ నియమం నడుస్తోందో అది వేరుగా తెలుసుకోవలసిందే.

నేటి బిడార్లు మెహదీపట్నం మీదుగా శంషాబాదు విమానాశ్రయానికి సాగుతున్నాయి. కార్వాన్, తప్పాచబుత్రా, జియాగూడ, టోలీచౌకీలే కాదు, కరీంనగర్, జగిత్యాల, కడప, రాయచోటి వంటి ఊళ్ళలోనూ కుటుంబంలో ఒక్కరైనా గల్ఫ్‌లో లేని గల్లీలు తక్కువ. వారిలో కారో, వ్యానో, లారీయో నడిపి బతికేవారు చాలా మంది. వారికి దారి చూపేది చేతిలోని ఫోను. తెలుగులో అడిగితే తెలుగులోనే మలుపు చెబుతుంది. ఆ ఫోను వాడకం మీదే ఒక్కొక్క దేశం ఒక్కొక్క చట్టం పెట్టింది. ఆ సంగతి మాత్రం ఫోను తనంతట చెప్పదు. మేము ఈ వ్యాసంలో చెప్పదలచింది ఆ చట్టాల గురించే.

అడిగి తెలుసుకున్న రోజులు

టోలీ మసీదు పరిసరాలలో మేము కలుసుకున్న ఒక పెద్దాయన జిద్దాలో ఇరవై ఏళ్ళకు పైగా ఒక ఇంటి కారు నడిపి వచ్చారు. “చాచా, ఫోనులో పటం లేని రోజుల్లో దారి ఎలా తెలిసేది?” అని అడిగాము.

“అడిగి తెలుసుకునేవాళ్ళం బేటా. యమీన్, యసార్, సీదా. కుడి, ఎడమ, నేరుగా. ఈ మూడు మాటలు వస్తే సగం జిద్దా తిరగవచ్చు. బఖాలా దగ్గర ఆపి అడిగేవాళ్ళం. దారి చెప్పినవాడే, అక్కడ బండి ఆపకు, ఇక్కడ షుర్తా నిలబడి ఉంటాడు, ఆ వీధిలో ఎదురు వెళ్ళకూడదు అని కూడా చెప్పేవాడు. ఇప్పటి పిల్లలు ఎవరినీ అడగరు. అడగవలసిన అవసరం లేదు కదా!”

ఆ మాటలో ఆలోచించవలసిన విషయం ఉంది. పూర్వం దారి అడగడంతోపాటు ఊరి నియమాలు కూడా చెవిన పడేవి. ఇప్పుడు దారి ఫోనులో దొరుకుతోంది. నియమాలను వేరుగా ఎవరినో అడిగి తెలుసుకోవాలి. అడగని వానికి మొదటిసారి తెలిసేది జరిమానా కాగితం చూసినప్పుడే.

ఇంటి అలవాటు, పరాయి చట్టం

మన దేశంలో ఉన్న నియమం ముందుగా చూద్దాము. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను ప్రకారం నడుపుతూ చేతిలో ఫోను వాడడం ప్రమాదకరమైన డ్రైవింగు కిందికి వస్తుంది. మొదటిసారి వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు; జైలు శిక్షకు కూడా వీలుంది. అయితే 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర నియమాల సవరణ ఒక వెసులుబాటు ఇచ్చింది. డ్రైవరు ఏకాగ్రత చెడకుండా, కేవలం దారి చూసుకోవడానికి మాత్రమే అటువంటి పరికరాన్ని వాడవచ్చునని అందులో ఉంది.

ఈ వెసులుబాటు మన డ్రైవర్ల మనసులో ఒక నమ్మకంగా పాతుకుపోయింది: “నేను ఎవరితోనూ మాట్లాడడం లేదు, దారి చూస్తున్నాను, అంతే.” పురానాపుల్ నుంచి లంగర్‌హౌజ్ దాకా ఏ సాయంత్రం చూసినా ఎడమచేతిలో ఫోను, కుడిచేతిలో హ్యాండిల్‌తో సాగే కుర్రవాళ్ళు కనబడతారు. ఆ నమ్మకం, ఆ అలవాటు రెండూ వీసాతో పాటు విమానం ఎక్కుతాయి. అక్కడ దిగాక ఆ మాట చెల్లదు. అనేక దేశాలలో నేరం ఫోనులో ఏమి చూశావన్నది కాదు, ఫోనును చేత పట్టుకున్నావా లేదా అన్నదే.

గల్ఫ్ దేశాలలో

సౌదీ అరేబియాలో నడుపుతూ ఫోను చేతబట్టి వాడితే 500 నుంచి 900 రియాళ్ళ జరిమానా. 2018 మార్చి నుంచి ఈ తప్పును, సీటు బెల్టు పెట్టుకోని తప్పును కెమెరాలే పట్టుకుంటున్నాయి. పోలీసు ఆపడు, మాట్లాడడు. సందేశం ఫోనుకు వస్తుంది. కెమెరాకు సంజాయిషీ చెప్పుకోవడం కుదరదు.

ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో ఇదే తప్పుకు 800 దిర్హముల జరిమానా, దానితో నాలుగు నల్ల పాయింట్లు. 24 పాయింట్లు నిండితే లైసెన్సు నిలిపివేస్తారు. లైసెన్సు మీదే బతికేవానికి జరిమానా కన్నా పాయింట్లే భారం. అక్కడ 2025 మార్చి 29 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం అమలులోకి వచ్చింది. కాబట్టి పాతకాలంలో వెళ్ళివచ్చిన బంధువు చెప్పిన మాటలనే నమ్ముకొని బయలుదేరడం మంచిది కాదు.

ఖతర్‌లో జరిమానా 500 రియాళ్ళు. 2023 సెప్టెంబరు 3 నుంచి అక్కడ కూడా కెమెరాలు ఈ తప్పును నమోదు చేస్తున్నాయి. కువైట్‌లో 2025 ఏప్రిల్ 22న కొత్త చట్టం వచ్చింది. అంతకుముందు ఐదు దినార్లతో పోయే తప్పుకు ఇప్పుడు 75 దినార్లు కట్టాలి. మన రూపాయలలో అది ఇరవై వేలకు పైమాటే. ఇంటి డ్రైవరుకు నెల జీతంలో అది ఎంత భాగమో అక్కడ పనిచేసినవారి కుటుంబాలకు మేము చెప్పనవసరం లేదు.

దీని వెనుక మరొక చిక్కు ఉంది. కువైట్ 2023 ఆగస్టు నుంచి విదేశీయులు ట్రాఫిక్ బకాయిలు చెల్లించిన తరువాతనే దేశం విడిచి వెళ్ళాలని నియమం పెట్టింది. ఖతర్ 2024 సెప్టెంబరు 1 నుంచి అటువంటి నిబంధననే తెచ్చింది. చెల్లెలి నికాహ్‌కో, తల్లి చివరి చూపుకో టికెట్టు కొన్న మనిషి విమానాశ్రయంలో నిలబడిపోవలసి వస్తే ఎలా ఉంటుంది? రెండేళ్ళుగా ఒక్కొక్కటిగా చేరిన జరిమానాలు ఆ రోజున ఒక్కసారిగా ఎదురుగా నిలుస్తాయి.

అందుకని నెలకొక్కసారి బకాయిలు చూసుకోవడం డ్రైవరుకు అలవాటు కావాలి. సౌదీలో అబ్షిర్, ఖతర్‌లో మెత్రాష్, కువైట్‌లో సహెల్ అనే ప్రభుత్వ యాప్‌లలో వాటిని చూడవచ్చు. బండి యజమాని పేరున ఉంటే జరిమానా ఎవరి లెక్కలోకి వెళుతుంది, దానిని ఎవరు కట్టాలి అన్నది పనిలో చేరే రోజునే స్పష్టంగా మాట్లాడుకోవాలి. తరువాత జీతంలో కోత పడ్డాక మాట్లాడుకోవడం ఇరువురికీ కష్టమే.

పవిత్ర నగరాల దారిలో

ఉమ్రాకు వెళ్ళి కారు అద్దెకు తీసుకొని మక్కా నుంచి మదీనాకు ప్రయాణించే కుటుంబాలు నేడు పెరిగాయి. సుమారు 450 కిలోమీటర్ల ఆ దారి నునుపైనది, పొడవైనది. పైన చెప్పిన ఫోను నియమం యాత్రికునికి కూడా వర్తిస్తుంది. ఇహ్రామ్‌లో ఉన్నాడని కెమెరా మినహాయింపు ఇవ్వదు.

హజ్ దినాలలో మరొక జాగ్రత్త అవసరం. ఆ రోజులలో అనుమతి లేనివారు మక్కాలో ప్రవేశించకుండా దారులలో తనిఖీలు ఉంటాయి. 2025లో సౌదీ ప్రభుత్వం అనుమతి లేకుండా హజ్‌కు ప్రయత్నించేవారికి 20,000 రియాళ్ళ వరకు, సందర్శక వీసాపై వచ్చినవారిని ఆ దినాలలో మక్కాకు చేరవేసే వారికి లక్ష రియాళ్ళ వరకు జరిమానా ప్రకటించింది. ఊరివాళ్ళు కదా, పుణ్యం కదా అని బండి ఎక్కించుకున్న డ్రైవరు జీవితకాలపు కష్టార్జితాన్ని పోగొట్టుకోవచ్చు. ఫోను పటం మాత్రం ఆ రోజు కూడా మక్కాకు దారి చూపుతూనే ఉంటుంది. రోడ్డు ఉందా లేదా అన్నదే దానికి తెలుసు. ఆ రోడ్డుపై వెళ్ళే అర్హత నీకు ఉందా అన్నది దానికి తెలియదు.

ఐరోపాలో, అమెరికాలో

ఈ పేట పిల్లలు ఇప్పుడు చదువుల కోసం, కంప్యూటరు కొలువుల కోసం మరింత దూరం వెళుతున్నారు. తల్లిదండ్రులు వారిని చూడడానికి వెళ్ళినప్పుడు, లేదా కుటుంబమంతా సెలవులలో కారు అద్దెకు తీసుకున్నప్పుడు ఈ సంగతులు ఉపయోగపడతాయి.

బ్రిటన్‌లో 2022 మార్చి 25 నుంచి నియమం కఠినమైంది. ఫోనును చేత్తో పట్టుకొని ఏ పనికి వాడినా తప్పే. ఎర్ర దీపం వద్ద ఆగి ఉన్నా తప్పే. 200 పౌండ్ల జరిమానా, ఆరు పాయింట్లు. అక్కడ లైసెన్సు పొంది రెండేళ్ళు నిండనివారికి ఆరు పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది. స్టాండులో బిగించిన ఫోనులో దారి చూసుకోవచ్చు. అయితే రోడ్డు కనబడకుండా అది అడ్డు రాకూడదు. జర్మనీలో చేతిలో పట్టుకున్న ఫోనుకు 100 యూరోలు, ఒక పాయింటు.

మనవారికి ఊహకు కూడా అందని నియమం మరొకటి ఉంది. దారి చూపే యాప్‌లలో చాలా వాటికి ముందున్న వేగ కెమెరా గురించి హెచ్చరించే గుణం ఉంది. మన దగ్గర అది మేలుగానే తోస్తుంది. ఫ్రాన్సు 2012 జనవరి నుంచి కెమెరా ఉన్న చోటును చూపే పరికరాలను నిషేధించింది. జరిమానా 1,500 యూరోల దాకా పోవచ్చు. కెమెరా చోటును కచ్చితంగా చెప్పకుండా, ప్రమాదకరమైన ప్రాంతం అని మాత్రం చూపే విధానాన్ని అక్కడి సంస్థలు అవలంబించాయి. జర్మనీలో నడిపేవాడు అటువంటి హెచ్చరికను వాడితే 75 యూరోలు, ఒక పాయింటు. స్విట్జర్లాండులో పోలీసులు ఆ పరికరాన్ని స్వాధీనం చేసుకొని ధ్వంసం చేయవచ్చు. ఐరోపాలో ఒకే రోజులో మూడు దేశాలు దాటవచ్చు. సరిహద్దు దాటిన సంగతి గమనించకపోయినా చట్టం మారిపోతుంది. కనుక ప్రయాణానికి ముందే యాప్‌లో ఆ హెచ్చరికను ఆపివేయడం క్షేమం. ఫ్రాన్సులో మరొక నియమం: 2015 జులై 1 నుంచి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని నడపడం కూడా నిషేధమే. దారి చెప్పే గొంతు కారు స్పీకరులో వినాలి.

అమెరికాలో రాష్ట్రానికొక చట్టం. తెలుగువారు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియాలో 2017 జనవరి 1 నుంచి ఫోనును బిగించి ఉంచాలి; వేలితో ఒక్కసారి తాకడమో, ఒక్కసారి జరపడమో మాత్రమే చేయవచ్చు. ముందు అద్దానికి బిగిస్తే డ్రైవరుకు దూరంగా ఉన్న కింది మూలలో ఏడు అంగుళాల చదరంలో గానీ, దగ్గరి కింది మూలలో ఐదు అంగుళాల చదరంలో గానీ ఉండాలి. చేతిలో పట్టుకొని పటాన్ని కేవలం చూడడం తప్పు కాదన్న వాదన అక్కడ కోర్టు దాకా వెళ్ళింది. చేత పట్టుకొని పటం చూడడం కూడా ఫోనును వాడడమే అవుతుందని 2025 జూన్‌లో ఆ రాష్ట్ర అప్పీలు కోర్టు తేల్చింది. “దారి చూస్తున్నాను, అంతే” అన్న మాటకు అది సమాధానం.

బయలుదేరే ముందు

ఇన్ని దేశాల నియమాలు గుర్తుంచుకోవడం ఎలా అని అడిగితే, వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్న కొన్ని అలవాట్లు పాటిస్తే చాలావరకు క్షేమమే. బండి కదలకముందే చేరవలసిన చోటును ఫోనులో నమోదు చేయాలి. ఫోనును గట్టి స్టాండులో బిగించాలి. ఒడిలోనో, తొడ కిందో, చేతిలోనో పెట్టుకోకూడదు. గల్ఫ్‌లో, అమెరికాలో, ఐరోపాలోని అధిక దేశాలలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఇక్కడ స్టాండు పెట్టిన చోటే అక్కడ పెడితే చూపుకు అడ్డు రావచ్చు. కొత్త బండిలో కూర్చున్నాక స్టాండు చోటును కొత్తగా చూసుకోవాలి. దారి చెప్పే గొంతు తెలుగులోనో, ఉర్దూలోనో ఉంచితే కళ్ళు రోడ్డు మీద నిలుస్తాయి. దారి తప్పితే తప్పనివ్వాలి. పక్కన ఆపదగిన చోట బండి నిలిపి ఆ తరువాతనే ఫోను తాకాలి. ఎర్ర దీపం వద్ద ఆగడం బండి నిలపడం కాదు.

పర్యాటకులుగా వెళ్ళేవారు ఇక్కడి రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్ తీసుకోవచ్చు; దాని గడువు ఒక సంవత్సరం. గల్ఫ్‌లో నివాస అనుమతితో పనిచేసేవారు ఆ దేశపు లైసెన్సు పొందాలి. పనికి వెళ్ళేవారికి భారత విదేశాంగ శాఖ ప్రయాణానికి ముందు శిక్షణ ఇప్పిస్తోంది. మన రాష్ట్రంలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ విదేశీ ఉద్యోగాల వ్యవహారం చూస్తోంది. అటువంటి చోట డ్రైవరుగా వెళ్ళే ప్రతి యువకుడూ వీసా, జీతం గురించి అడిగినట్లే “ఆ దేశంలో ఫోను నియమం ఏమిటి?” అని అడగాలి.

ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్త (స) బోధ మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. నేటి బిడారులో ఒంటెను కట్టడమంటే ఇదే. వీసా తీసుకొని ఒక దేశంలో అడుగుపెట్టడం ఆ దేశపు చట్టానికి కట్టుబడతామని మాట ఇవ్వడం. ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడం కెమెరా ఉన్న వీధికి మాత్రమే పరిమితం కాదు. రోడ్డు దాటుతున్న పసివాడి ప్రాణం కూడా ఆ డ్రైవరు చేతిలో అమానతే.

ఇంట్లో ఉన్నవారి వంతు

చివరిగా కార్వాన్‌లోనూ, మిగతా ఊళ్ళలోనూ ఇంటివద్ద ఉండే మనమంతా ఆలోచించవలసిన విషయం ఒకటుంది. దారి చూపుతున్న ఆ ఫోనులోనే మన పిలుపు కూడా మోగుతుంది. పటం మీద ఒక్కసారిగా బిడ్డ ముఖం కనబడితే ఏ తండ్రి చేయి ఆగుతుంది? అతడు ఫోను తీస్తే తప్పు అతనిదే అవుతుంది. పిలిచిన వేళ మాత్రం మనది.

మనకు సాయంత్రం ఏడు గంటలైతే రియాద్, దోహా, కువైట్‌లలో నాలుగున్నర. దుబాయిలో ఐదున్నర. మగ్రిబ్ నమాజు ముగించుకొని మనం తీరికగా కూర్చునే వేళకు అక్కడి డ్రైవరు యజమాని ఇంటివారిని బజారుకో, బంధువుల ఇంటికో తీసుకువెళుతూ రోడ్డు మీద ఉంటాడు. పిలవడానికి ఒక వేళ నిర్ణయించుకోవాలి. అంతకన్నా ముందు చెప్పవలసిన అత్యవసరం ఏదైనా ఉంటే “బండి ఆపాక పిలువు” అని ఒక చిన్న సందేశం పెట్టాలి. అతడు ఫోను ఎత్తి ఏదో శబ్దం మధ్య మాట్లాడుతున్నట్లు తోస్తే మొదట అడగవలసింది “బండి నడుపుతున్నావా?” అని. అవునంటే, సలాం చెప్పి వెంటనే పెట్టేయాలి.